వినబడినప్పుడే చెయ్యెత్తండి

3 జూన్

పిన్నీ,

కొత్త గదిలోంచి రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఐదో అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదురు మేడ మీద ఎవరివో దుప్పట్లు నా మొహం మీదే ఆరేసినట్టుంటాయి. మంచం ఏ గోడకి జరిపినా తలుపు పూర్తిగా తెరుచుకోదు. అన్ని గోడలూ అయిపోయాయి, ఇక గది మధ్యలో వేసుకోవడమే మిగిలింది. గది మారానని అమ్మకి చెప్పకు. "మళ్ళీనా" అంటుంది. ఆ ఒక్క మాటలో నా గదుల్నీ, ఉద్యోగాల్నీ, నేను కలిసి వదిలేసిన అబ్బాయిల్నీ కలిపి మూట కట్టేస్తుంది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "ఊఁ, సరే, సరేలే" తప్ప ఇంకో మాట రాదు. మెసేజ్ పెడితే, "కాగితం మీద రాయి, కాగితమైతే కాసేపు ఒకచోట కూర్చుంటావు" అంటావు. ఇదిగో, కూర్చున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచాను, అది వేరే సంగతి.

అబ్బాయిల కబుర్లు అడిగావు. ఒకడు ఆ పరిచయాల యాప్‌లో ఫొటోలన్నీ కొండలెక్కుతూ పెట్టాడు, మనిషిని కలిస్తే కాఫీ హోటల్ మెట్లకే ఆయాసపడ్డాడు. ఇంకొకడు నేను మాట్లాడినంతసేపూ నా వెనక గోడకున్న టీవీలో ఆట చూస్తూ, నేను ఊపిరి పీల్చుకున్న చోటల్లా "అవునా" అన్నాడు. ఇలాంటివాళ్ళు నా దగ్గర వెంటనే దొరికిపోతారు. రోజంతా నా పనే అది కదా. చెవి పరీక్షకొచ్చిన మనిషిని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, "వినబడినప్పుడే చెయ్యెత్తండి" అని చెప్పి, ఇవతల మీటలు నొక్కి సన్నటి కూతలు పంపిస్తాను. చాలామంది నేనేమీ పంపకపోయినా చెయ్యెత్తుతారు. ఎక్కడ తప్పుతామో అని భయం. యాప్‌లో అడ్డమైన ప్రతి ఫొటోనీ నచ్చిందని నొక్కేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టనని మాటివ్వు. పోయిన నెల నీ దుకాణంలో నువ్వు ఎవరిదో జిప్పు మారుస్తుంటే ఫొటో తీశాను చూడు, దాంతో నీకూ ఆ యాప్‌లో ఒక ఖాతా తెరిచాను. వయసు నిజమే రాశాను. కింద, "బట్టలు సరిచేస్తాను. మనుషుల్ని సరిచేయను" అని రాశాను. ఎలా తెరవాలో వెనక పేజీలో ఉంది.

నేను ఎవణ్ణీ మూడోసారి కలవనని నువ్వు దెప్పుతూనే ఉంటావుగా. పందెం వేసుకుందాం. నీకు రాసినవాళ్ళలో ఒక్కరికి నువ్వు జవాబివ్వు, నేను ఒకణ్ణి మూడోసారి కలుస్తాను.

నీ తూనీగ

10 జూన్

తూనీగకి,

నీ ఉత్తరం అందినప్పుడు ఒకాయన కోటు భుజాలు విప్పుతున్నాను. చదవడం అయ్యాక ఆ కోటే నీ వీపనుకుని రెండు తగిలించాను.

ఎంత ధైర్యమే నీకు. మీ బాబాయి వెళ్ళిపోయి పదేళ్ళవుతోంది. ఈ పదేళ్ళలో జిప్పు ఎప్పుడిస్తారని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. "పిలిస్తే పలకదు, మహారాణి" అని ఆయన పెట్టిన పేరు మన చుట్టాలంతా ఖాయం చేసుకున్నారు. పెళ్ళిళ్ళలో నా వెనక ఆ మాటే అనుకుంటారని మీ అమ్మ చెప్తుంటుంది. అనుకోనీ. మహారాణికి ఒక సుఖం ఉంది, ఎవరూ దగ్గరికొచ్చి కూర్చోరు.

నువ్వు రాసినట్టే నొక్కి చూశాను. ఒకాయన రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపిస్తాడు, మాట ఉండదు. ఇంకొకాయన మొదటి మాటగా, ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగాడు. ఆయన్ని తీసేయడం ఎలాగో నాకు నేనే కనిపెట్టాను, మెచ్చుకో.

మూడో ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. మా ఊరే. ఫొటోలో మనిషి కన్నా కారు ఎక్కువ కనబడుతోంది. టోపీ, నల్లకళ్ళద్దాలు, అదీ దూరం నుంచి. ఆయన రాసింది ఇది: "మీ దుకాణం అద్దంలో ఫొటో తీస్తున్న అమ్మాయి కనిపిస్తోంది. ఒంటికాలి మీద నిలబడి తీస్తోంది. ఎవరండీ?" రోజంతా నేర్చుకునేవాళ్ళకి అద్దాలు చూడండి, అద్దాలు చూడండి అని చెప్పి చెప్పి ఆయన కళ్ళు ముందు అద్దాల మీదకే పోతాయిట.

నేను రాశాను: "మా అక్క కూతురు. రెండు కాళ్ళ మీద నిలబడగా నేనెప్పుడూ చూళ్ళేదు."

రాసేశాక చూసుకుంటే నవ్వుతున్నాను. ఎదురుగా అద్దం ఉంది కదా, దొరికిపోయాను.

జవాబు ఇచ్చాను కాబట్టి పందెం నీ మెడకే చుట్టుకుంది. ఎవణ్ణి కలుస్తావో నీ ఇష్టం. మూడోసారి మాత్రం కలవాల్సిందే.

నీ పిన్ని

15 జూన్

పిన్నీ,

మాస్టారి మాట చదివి గదంతా తిరిగాను. తిరగడానికి ఉన్న చోటు తలుపు నుంచి కిటికీ వరకే, దాన్నే అరగదీశాను. ఇంకేం రాశాడు? నువ్వేం రాశావు? అన్నీ రాయి. నా బతుకులోని మగవాళ్ళకన్నా నీ మాస్టారు నాకు ఎక్కువ ఆసక్తిగా ఉన్నాడు.

నా వాడి సంగతి. పరుపుల దుకాణంలో పనిచేస్తాడు. మొదటిసారి కలిసినప్పుడు ఆ కబుర్లతో నన్ను బాగానే నవ్వించాడు. జనం చెప్పుల జత కొనాలంటే వేసుకుని దుకాణం ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూస్తారట, ఏళ్ళ తరబడి పడుకోబోయే పరుపు మీద మాత్రం ఒక మోచెయ్యి ఆనించి, బాగుందండీ అని లేచిపోతారట. సిగ్గు. "పడుకోండి, ఒక పాట పట్టేంతసేపు ఊరికే పడుకోండి" అని బతిమాలినా పడుకోరు. తరవాత నడుం నొప్పని తిరిగొచ్చి ఇతన్ని తిడతారు.

రెండోసారి కాలవ గట్టు మీద నడిచాం. నిజానికి నేను నడిచాను, అతను వెనక వచ్చాడు. మాట్లాడాల్సింది లేనప్పుడు అతను మాట్లాడడు, పిన్నీ. ఊరికే నీళ్ళకేసి చూస్తాడు. నాకు ఒళ్ళంతా చీమలు పాకాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే పోయేట్టనిపించి, "ఇంట్లో గ్యాసు కట్టేయలేదు" అని అబద్ధం చెప్పి వచ్చేశాను. నా గదిలో ఉన్నది కరెంటు పొయ్యి.

మూడోసారికి రమ్మని అడుగుతున్నాడు. వెళ్తాను. ఈ ఆదివారం కాదు.

నువ్వు మాత్రం మాస్టారితో ముందు ఫోన్లో మాట్లాడు. రాతలో అందరూ మంచివాళ్ళే. గొంతు విన్నాకే కలవాలా వద్దా తేల్చుకోవాలి. నేను సగం మందిని గొంతు దగ్గరే ఆపేస్తాను.

నీ తూనీగ

23 జూన్

తూనీగకి,

ఒక సాయం చెయ్యాలి. ఎందుకని అడగకు. అడిగినా చెప్పను.

మాస్టారూ నేనూ రోజూ రాసుకుంటున్నాం. పొద్దున ఆయన మొదటి పాఠానికి వెళ్ళేముందు, సాయంత్రం నేను దుకాణం మూసేముందు. ఆయనకి ఒక కొడుకు, వేరే ఊళ్ళో ఉంటాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కడే వండుకుంటాడు, అది బాగుండదని ఒప్పుకుంటాడు. నేర్చుకునేవాళ్ళ కబుర్లు రాస్తాడు. ఒకావిడ మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుందిట. నేను బట్టల కబుర్లు రాస్తాను. ఇంత వయసొచ్చాక ఒకళ్ళకి నా రోజు ఎలా గడిచిందో చెప్పుకోవడం నాకే వింతగా ఉంది. సాయంత్రం అవుతుంటే సూది గబగబా పరిగెడుతోంది.

నువ్వు చెప్పకముందే ఆయన రెండుసార్లు అడిగాడు, ఫోన్ చెయ్యనా అని. ఒకసారి దుకాణంలో మిషన్ల చప్పుడన్నాను, ఒకసారి జలుబన్నాను. ఇప్పుడు అడగడం మానేశాడు. రాయడం ఆపలేదు, ఆ మాటొక్కటే ఎత్తట్లేదు. విసిగిపోయాడు కాబోలు. భయమేసి నేనే రాసేశాను, వచ్చే ఆదివారం సాయంత్రం ఏడింటికి మాట్లాడదాం అని.

నంబరు నీది ఇచ్చాను.

నీ గొంతూ నా గొంతూ ఒకటే అని అందరూ అంటారు. చిన్నప్పుడు మీ అమ్మే పక్క గదిలోంచి విని తికమకపడేది. ఒక్కసారి నాలా మాట్లాడు. మాటలు నావే, రాసి పెట్టాను, వెనక పేజీ చూడు. ఈ వారం చేసిన పనులు, ఆయన కొడుకు సంగతి, కళ్ళు మూసుకునే ఆవిడ సంగతి అన్నీ ఉన్నాయి. నీ తెలివితేటలు చూపించకు. ఎక్కువ మాట్లాడకు, నేను తక్కువ మాట్లాడతాను.

నీ పిన్ని

26 జూన్

పిన్నీ,

అడగకు అంటే అడగకుండా ఉండే మనిషినా నేను? నువ్వు చెప్పకపోతే నేనే ఊహించుకుంటాను, అది నీకే నష్టం.

అమ్మకి భయపడుతున్నావా? అమ్మ నాలుగు రోజులు గోల చేసి ఐదో రోజు చీర కట్టుకుని ఆయన్ని చూడ్డానికి వస్తుంది. అది కాదు. సిగ్గా? రోజూ రెండు పూటలా రాసేదానికి ఫోన్ దగ్గర సిగ్గేమిటి? బస్సులో వెళ్తూ వస్తూ ఇదే ఆలోచించాను. నాకు తట్టింది ఒకటే. బాబాయి. ఆయన నిన్ను పొగరుబోతు అని వెళ్ళిపోయాడు, నువ్వు ఇంకా ఆయనకే జవాబు చెప్పుకుంటున్నావు. ఇంకో మగవాడి గొంతు ఇంట్లో వినబడితే ఆయన మాట నిజమైపోతుందని నీ బెంగ.

ఇంకో మాట అంటాను, కోప్పడు పరవాలేదు. ఆ పొగరు కొంచెం నిజమే. పోయిన నెల నేను వెళ్ళిపోతూ మెట్ల దగ్గర నుంచి ఎన్నిసార్లు పిలిచానో. నువ్వు ఇస్త్రీ చేసుకుంటూ వెనక్కి తిరగనే లేదు. బస్సెక్కాక కూడా మనసు బాగాలేదు. మాస్టారితో అలా చేస్తే ఆయనా వెళ్ళిపోతాడు.

ఆదివారం మాట్లాడతాను. ఒక్కసారే. నీ బదులు ప్రేమించే ఓపిక నాకు లేదు, నా వాడే అక్కడ మూడోసారికి ఎదురుచూస్తున్నాడు.

నీ తూనీగ

1 జూలై

పిన్నీ,

నిన్న ఆయన ఏడింటికే చేశాడు. నీ కాగితం ఒళ్ళో పెట్టుకుని, మంచం మీద కదలకుండా కూర్చుని నువ్వయ్యాను.

"ఇవాళ పని ఎక్కువా అండీ?"

"ఒక కోటు, బోలెడు జిప్పులు. జిప్పులు చెడిపోకపోతే నా బతుకు లేదండీ."

నవ్వాడు. మంచి నవ్వే, తొందర లేదు. ఒక్కో మాటా విడివిడిగా, కొంచెం గట్టిగా అంటున్నాడు. పాఠాలు చెప్పే అలవాటు అనుకున్నాను. కళ్ళు మూసుకునే ఆవిడ సంగతి అడిగాను, నిన్న ఒక కన్ను తెరిచిందన్నాడు. అక్కడక్కడా నీలాగే "ఊఁ, సరే" అన్నాను. అంతా బాగానే నడిచింది, పిన్నీ. నాకే ముచ్చటేసింది.

మధ్యలో ఆయన దగ్గరికి ఎవరో వచ్చారు. ఫోన్ దూరంగా జరిపి, గొంతు బాగా తగ్గించి, "తాళాలు సొరుగులో పెట్టి వెళ్ళు" అన్నాడు వాళ్ళతో. మళ్ళీ ఫోన్ దగ్గరికి రాగానే నేను ఊరుకోవచ్చు కదా. చనువుగా, "సొరుగులో పెడితే పొద్దున్నే మర్చిపోరూ?" అన్నాను.

అటు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"అమ్మాయ్" అన్నాడు. "అద్దంలో ఒంటికాలి మీద నిలబడ్డది నువ్వేనా?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. "నేనే" అని వచ్చింది. "ఎలా తెలిసింది?"

"నేను అంత మెల్లగా అన్నది మీ పిన్నిగారికి వినబడదు కదమ్మా."

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పది పన్నెండు రోజుల కిందట నీ దుకాణానికి వచ్చాడట. టోపీ, కళ్ళద్దాలు లేకుండా, పొడవు తగ్గించాల్సిన పాంటు ఒకటి పట్టుకుని. నువ్వు లోపల ఇస్త్రీ బల్ల దగ్గర అటు తిరిగి ఉన్నావట. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. బల్ల చుట్టూ తిరిగి నీ ఎదురుగా వచ్చి నిలబడ్డాక, అప్పుడే వచ్చాడనుకుని నవ్వావట. "నా కళ్ళకేసి కాదమ్మా, నా నోటికేసి చూశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు రోడ్డుకేసి చూస్తారే, అలాగ." ఎవరో చెప్పుకోలేక పాంటు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచే ఫోన్ మాట ఎత్తడం మానేశాడు. విసిగి కాదు. నువ్వే ఆదివారం మాట్లాడదామని రాసేసరికి ఆయనకి ఏమీ పాలుపోలేదట.

"నీకు తెలీదా?" అని అడిగాడు నన్ను. నేనేం ఉద్యోగం చేస్తానో ఆయనకి చెప్పలేకపోయాను.

"నేను దొంగచాటుగా వచ్చి చూశానని చెప్పేయ్. తిట్లు నావి" అని పెట్టేశాడు.

దుకాణంలో గుమ్మం కనబడేలా నీ మిషన్ ఎదురుగా పెట్టుకున్న అద్దం. సినిమాకి వెళ్తే మమ్మల్నందర్నీ ఒక పక్కకే కూర్చోబెట్టుకోవడం. ఫోన్లో నీ "సరే"లు. కాగితం మీద రాయి అన్నది. నన్ను కాసేపు కూర్చోబెట్టాలనే అలా అన్నావనుకున్నాను, పిన్నీ, నిజంగా.

ఎప్పటి నుంచి? ఎందుకు చెప్పలేదు? నేను రోజూ ముక్కూ మొహం తెలియనివాళ్ళ చెవులు చూస్తాను. నా గాజు గదికి రా. వెంటనే రా.

తూనీగ

6 జూలై

ఇద్దరూ కలిసి నా చెవి గురించి మాట్లాడుకున్నారు. నా వెనక ఏం మాట్లాడుకున్నా నాకు వినబడదని ధైర్యం.

ఆయన వచ్చి, పరీక్ష పెట్టి, వెళ్ళి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పొద్దున్నే "ఇవాళ ఏం కుడుతున్నారు" అని రాశాడు. ఆ పాంటు నేను చేత్తో కుట్టాను, ఎవరో పెద్దమనిషిది అనుకుని, శ్రద్ధగా.

ఎప్పటి నుంచని అడిగావు. మీ బాబాయి ఉన్నప్పటి నుంచే. ఒక చెవి ముందు పోయింది, రెండోది నెమ్మదిగా దాని దారి పట్టింది. వినబడని ప్రతి మాటకీ సరే అనడం అలవాటు చేసుకున్నాను. ఏ మాటకి సరే అన్నానో తెలియక ఇంట్లో ఎన్ని గొడవలు. పిలిస్తే పలకదన్నాడు, సరే. పొగరన్నాడు, సరే. పొగరంటే పడతాను. చెవిటిదంటే పడలేను. పొగరున్నదాన్ని చూస్తే జనం కాస్త దూరం జరుగుతారు. చెవిటిదాని ముందు అరుస్తారు, పక్కకి తిరిగి నవ్వుకుంటారు.

వెళ్ళిపోయేరోజు ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. వెలుతురు వెనక నుంచి పడుతోంది, నోరు కనబడలేదు. మళ్ళీ చెప్పు అని అడగడానికి మొహమాటపడ్డాను. సరే అన్నాను. ఇవాళ్టి దాకా ఆయన ఏమన్నాడో నాకు తెలీదు.

నీ గాజు గదీ వద్దు, ఆ యాప్ వద్దు. తీసేశాను. కొన్నాళ్ళు ఉత్తరాలు కూడా రాయకు.

మహారాణి

24 జూలై

పిన్నీ,

వద్దన్నాక కూడా రెండు రాశాను, జవాబు లేదు. చదవకుండా ఇస్త్రీ బల్ల కింద పడేశావని తెలుసు. ఇది సంజాయిషీ కాదు, పందెం లెక్క. నువ్వు నీ వంతు చేశావు. నేను నా వంతు చేశానని చెప్పాలి కదా.

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం పరుపుల దుకాణానికి వెళ్ళాను. బయట ఒకటే వాన, లోపల ఒక్క కొనేవాడు లేడు. అతను ధరల చీటీలు మారుస్తున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, "ఒక పాట పట్టేంతసేపు పడుకుంటే ఏం తెలుస్తుంది?" అన్నాను.

"పడుకుంటే తెలుస్తుంది" అన్నాడు, చీటీల మీంచి తలెత్తకుండా.

రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ అద్దంలోంచి కనిపించేట్టు, చెప్పులు విప్పి, గోడ పక్కనున్న పరుపు మీద పడుకున్నాను. మొదట నవ్వొచ్చింది. తరవాత కాలు ఊపడం మొదలుపెట్టాను. లేచిపోవాలని ఎంత అనిపించిందో. ఆ గ్యాసు అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. అతను పడుకోమనలేదు, లెమ్మనలేదు. చీటీలు గీరుతున్న చప్పుడు, వాన చప్పుడు.

నిద్రపోయాను, పిన్నీ. నేను. పట్టపగలు, రోడ్డుకి ఎదురుగా.

లేచేసరికి వాన వెలిసింది. మధ్యలో ఇద్దరు ముగ్గురు కొనడానికి వచ్చారట. వాళ్ళకి, "ఆ పరుపు పరీక్షలో ఉందండీ, పక్కది చూడండి" అని మెల్లగా చెప్పి పంపించాడట. చెప్పులు వేసుకుంటుంటే, "గ్యాసు కట్టేశావా?" అన్నాడు. అంటే ఆ రోజే తెలుసు.

నచ్చాడో లేదో తెలీదు. ఇదివరకు వెంటనే తెలిసిపోయేది, అందుకే వెంటనే వచ్చేసేదాన్ని. తెలియకుండా ఇంటికి రావడం ఇదే మొదలు. గదిలో మంచం మధ్యలోకి లాగాను. తలుపు పూర్తిగా తెరుచుకుంటోంది.

ఇంకొక్క మాట. మెట్ల దగ్గర ఆ రోజు నిన్ను పిలిచింది ఎందుకో నువ్వు అడగలేదు. గొడుగు మర్చిపోయాను, విసురు అని. అంతకన్నా ఏమీ లేదు. ఇకమీదట వినబడకపోతే, "మళ్ళీ చెప్పవే" అను. ఎన్నిసార్లయినా చెప్తాను.

తూనీగ

5 ఆగస్టు

తూనీగకి,

నీ గొడుగు నా దగ్గరే ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని ఒక పుల్ల విరిగితే బాగుచేసి పెట్టాను కూడా.

ఉత్తరాలు పడేయలేదు. ఇస్త్రీ బల్ల కింద పెట్టాను, నువ్వన్న చోటే. మూడూ ఒక్కసారే చదివాను.

మాస్టారు వచ్చాడు. పోయిన వారం, మధ్యాహ్నం. ఈసారి లోపలికి రాలేదు. అద్దంలో నాకు కనబడేచోట గుమ్మంలో నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను చూసీ చూడనట్టు ఒక అంచు మొత్తం కుట్టాను. కదలడే. అప్పుడు చూశాను, నేను కుట్టిన పాంటే వేసుకున్నాడు.

మిషన్ ఆపి తిట్టాను. బాగా తిట్టాను. పదేళ్ళవి అన్నీ ఆయన మీదే పడ్డాయి, పాపం సగం ఆయనవి కావు. ఏదో అనబోయాడు, వెలుతురు వెనక ఉంది. సరే అని అనబోయాను నేను కూడా. నీ గొడుగు కనబడింది, బల్ల పక్కన.

"వెలుతురులోకి రండి, మీ నోరు కనబడట్లేదు" అన్నాను. "నాకు ఒక చెవి పనిచేయదు. రెండోది సగం."

ఎవరితోనూ అనని మాట. అన్నాక చూస్తే దుకాణం అలాగే ఉంది, కూలిపోలేదు.

ఆయన లోపలికి వచ్చాడు. నువ్వు చెప్పినట్టు తొందర లేని మనిషి. "ఎటువైపు కూర్చోమంటారు?" అని అడిగాడు.

అంతే అడిగాడు. అయ్యో అనలేదు, ఎలా పోయింది అనలేదు.

నిన్న నాకు కారు నేర్పుతానని గోదాముల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. ఎక్కకముందే చూసుకున్నాను, ఆయన కూర్చునే సీటు నా మంచి చెవి వైపే. ఆయన పాదం దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, తెలుసా? గుండ్రంగా తిరుగుతుంటే మధ్యలో ఇంజను ఆగిపోయింది. నాకు వినబడితేగా, అలాగే స్టీరింగు తిప్పుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపటికీ చెట్టు కదలట్లేదేమిటా అని పక్కకి చూస్తే ఆయన నవ్వుతున్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, కాలు బ్రేకు మీద లేదు. నేనూ నవ్వాను.

మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు, నేనే చెప్తాను. చెప్పడానికి ఏముందో నాకింకా తెలీదు. నీ పరుపు లాగే. బుధవారం మళ్ళీ వెళ్దామా అన్నాడు. సరే అన్నాను. వినబడే అన్నాను.

శనివారం బస్సుకి నీ దగ్గరికి వస్తున్నాను, గొడుగు పట్టుకుని. నీ గాజు గదిలో కూర్చుంటాను. చెవికి యంత్రం ఏదైనా పెట్టుకోమంటే అప్పుడు ఆలోచిస్తాను, ముందే బతిమాలకు. సాయంత్రం ఆ పరుపుల దుకాణం చూపించు. అబ్బాయి నోరు కనబడేలా మాట్లాడతాడో లేదో చూడాలి.

వినబడనప్పుడు చెయ్యెత్తను, ఒట్టు. నువ్వూ ఎత్తకు.

నీ పిన్ని